ఆరో బస్తా

బేరానికి పోయే రోజున మన ముఖం కూడా సరుకే. శివజ్యోతికి ఆ సంగతి తెలుసు. అందుకే కల్లూరులో షేర్ ఆటో దిగి, కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కే ముందు కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడిచినా అందులో ఏమీ మారలేదు. మొగుడు బసవరాజు పోయినప్పటి నుంచి ఆ ముఖం షట్టరు దించిన అంగడి మాదిరే ఉంది.

కోసిగిలో మొగుడూ పెళ్లాం శనక్కాయల వ్యాపారం చేసేవాళ్లు. ఆయన బేరమాడేవాడు, ఆమె కాటా దగ్గర కూర్చునేది. గుండె ఆగి ఆయన పోయినాక రైతులు రావడం మానలేదు గానీ, ఆమెకే ఆ కాటా ముందర కూర్చోబుద్ధి కాలేదు. ఏడవనూ లేదు. అత్త హంపమ్మ పదిమందిలో అనేసింది: "మా కోడలి కండ్లు మన చేన్లో బోరు మాదిరి. ఎంత లోతు పోయినా తడి తగల్దు."

శివజ్యోతికి కోపం రాలేదు. ముసలామె తూకంలో తప్పేమీ కనబడలేదు. రాత్రీ పగలూ లోపల తడుముకుని చూసింది, చేతికి ఏమీ తగల్లేదు. సరే, నిల్వ సున్నా అని లెక్క మూసేసింది.

పెళ్లికి ముందు చదివిన కంప్యూటర్ డిగ్రీ ఒకటి ఉంది. పాత సరుకే. పురుగు పట్టిందో లేదో విప్పి చూస్తే గానీ తెలియదు. సెంటర్ నడిపే ప్రసన్నకుమారి, చర్చి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సుత్తి లేకుండా చెప్పేసింది. "ఒక గంట సీ లాంగ్వేజి చెప్పమ్మా. పిల్లోళ్ల ప్రశ్నలకు నిలబడితే ఉద్యోగం నీదే. నిలబడలేకపోతే ఇంటికి పో."

ఇంటికి అంటే, కోసిగికి. ఆయన లేని కుర్చీ పక్కన, అదే కాటా ముందరికి. అది తప్ప ఇంకేదైనా సరే అనుకుంది శివజ్యోతి.

ప్రసన్నకుమారి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. శివజ్యోతి బోర్డు మీద అయిదు బస్తాల బరువులు వరసగా రాసింది. "దీన్ని అర్రే అంటారు. పేరు ఒకటే, గదులు పక్కపక్కనే," అని చెప్పి, ఒక్కో బరువునూ తెర మీద చూపించే లూపు రాయసాగింది. రాస్తూ రాస్తూ, కాటా దగ్గరి అలవాటు కొద్దీ, పైకే లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు."

ముందు వరసలో ఏసుకుమార్ అనే పిల్లోడు చెయ్యెత్తాడు. "మేడం, ఒకటి యాడికి పోయింది?"

"కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరప్పా. లాభం అంటారు."

"మా నాయన కూడా అంతే మేడం. ప్రతి పంటకూ లాభం అంటానే కొలుస్తాడు. నోట్లో నుంచి ఇంట్లోకి మటుకు ఏ పొద్దూ రాల్యా."

క్లాసంతా నవ్వింది. శివజ్యోతి నవ్వాల్సిన చోటని గుర్తుపట్టి పెదాలు కదిలించింది. పిల్లలు బోర్డు చూసి టైపు చేసి నడిపించారు. మళ్లీ ఏసుకుమారే లేచాడు.

"మేడం, మొదటి బస్తా తెర మీదికి రాల్యా. రెండో దాన్నుంచి వచ్చినాయి. కడాకు ఎవురిదో ఆరో బస్తా వచ్చి కూర్చునుండాది. దాని బరువు చూడండి, లక్షల్లో!"

"దానికి లారీ చాలదురా, ఎర్రగుంట్ల నుంచి రైలు పిలిపీ," అన్నారు వెనకెవరో.

శివజ్యోతి బోర్డు వైపు తిరిగింది. మెషిను గదుల లెక్క సున్నాతో మొదలై నాలుగుతో ముగుస్తుంది. ఆమె చెయ్యి ఒకటి నుంచి అయిదు దాకా రాసింది. నోరు కాటా దగ్గర ఉంటే, చెయ్యి కూడా దాని వెంటే పోయింది. సిగ్గు పడాల్సిన చోటే. సిగ్గు కూడా రాలేదు. తప్పు దిద్దింది.

"ఎందుకు మేడం సున్నా నుంచి? మనిషనే వాడు ఒకటి నుంచి గదా లెక్కపెట్టేది?"

"అది బస్తాల లెక్క కాదు, దూరం లెక్క. గోదాము వాకిట్లో నిలబడుకో. మొదటి బస్తా కాడికి పోవల్లంటే ఎన్ని బస్తాలు దాటల్ల?"

"ఏమీ దాటే పన్లేదు."

"అదే సున్నా. రెండోదానికి ఒకటి దాటల్ల. నేనేమో అయిదూ దాటించి పక్కోని గోదాములో చెయ్యి పెట్టిచ్చినా. సీ వద్దని చెప్పదప్పా. మొరగని కుక్క అది."

ఏసుకుమార్ తల ఊపాడు. ఈసారి కిటికీ పక్కనుండే మధులత, నెమ్మదైన పిల్ల, పిలిచింది. "మేడం, నేను దిద్దుకున్నా. బస్తాలన్నీ సరిగా వచ్చినాయి. మొత్తం కూడితే మటుకు పిచ్చి లెక్క వస్తాంది."

శివజ్యోతి వంగి చూసింది. "మొత్తానికని ఒక గది తీసుకున్నావు. కూడేదానికి ముందర దాంట్లో ఏమీ పెట్టలేదే."

"పెట్టకపోతే ఖాళీగా ఉంటాది గదా మేడం? ఖాళీ అంటే సున్నానే గదా?"

"కాదు," అంది శివజ్యోతి. తర్వాతి మాట రాలేదు. జవాబు తెలుసు, పుస్తకంలో ఉన్నదే. కానీ నాలుక మీద ఎవరో బస్తా దించినట్టయింది. మధులత ఆమె నోటివైపే చూస్తూ ఉండగా గంట ముగిసింది.

ప్రసన్నకుమారి ఆమెను పక్క గదిలోకి తీసుకుపోయింది. "ఆ ఒకటి నుంచి రాసిన తప్పు, పిల్లోళ్లకు తెలియాలని కావాలనే చేసినావా?"

అవునంటే బేరం కుదిరిపోతుంది. ఏ వ్యాపారి అయినా అవుననే అంటాడు. కానీ అబద్ధం ఆడాలన్నా దాన్ని రేపూ ఎల్లుండీ కాపాడుకునే ఓపిక ఉండాలి. శివజ్యోతి దగ్గర అది లేదు.

"లేదు మేడం. తప్పే."

"తప్పును నేను పట్టించుకోను, దిద్దినావు కాబట్టి. ఆ పిల్లకు జవాబు మధ్యలో వదిలేసినావే, అది నాకు బాగలేదు. పిల్లోళ్లు ఇంకా బ్యాగులు సర్దుకుంటాండారు. పొయ్యి జవాబు చెప్పు. చెప్తే సోమవారం నుంచి రా."

శివజ్యోతి తిరిగి వచ్చేసరికి మధులత ఇంకా ఆ పిచ్చి అంకెనే చూస్తా ఉంది.

"ఒక యేడు మేము కొత్త గోదాము బాడిగకు తీసుకున్న్యామమ్మా," అంది శివజ్యోతి, నిలబడే. "ఊడ్చి చూస్తే ఒక్క గింజ లేదు. ఖాళీ అనుకుని శనక్కాయలు పోసినాం. నెల తిరిగేసరికి కాయలన్నీ ఘాటెక్కినాయి. మాకంటే ముందరోళ్లు దాంట్లో మిరపకాయలు పెట్టినారంట. మా ఇంటాయన తుమ్మి తుమ్మి..."

ఆగింది. ఆయన తుమ్ముతూ, నవ్వుతూ, గోనెసంచితో ముక్కు మూసుకుని బయటికి ఉరకడం కనబడింది. కండ్లు మూసి తెరిచింది, అది పోలేదు.

"ఖాళీ అంటే సున్నా కాదమ్మా. ముందరుండి పోయినోళ్లది ఉంటాది. మనకు కనబడదు, అంతే."

"మరి ఎట్ల పోతాది మేడం?"

"దానంతకది పోదు. మనం ఏదో ఒకటి పెట్టల్ల."

"ఏం పెట్టల్ల?"

"నీ లెక్కకు సున్నా చాలు. దాన్ని కూడా నీ చేత్తోనే పెట్టల్ల."

మధులత మొత్తం కూడే గదిలో సున్నా పెట్టి మళ్లీ నడిపించింది. అయిదు బస్తాల బరువు సరిగ్గా వచ్చింది. "వచ్చింది మేడం!" అని తలెత్తి, ఆ పిల్ల గబుక్కున లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపింది.

శివజ్యోతి కూర్చుంది. ఎదురుగా తెర మీది అంకెలు తడిసినట్టు చెదిరి, ఆమెకు సరిగా ఆనడం లేదు.