బండను పట్టుకున్న గిడ్డయ్య

గిడ్డయ్య పుట్టిలో కాలు పెట్టినప్పటి నుంచీ దేవేంద్రప్పకు మనసు మనసులో లేదు. గిడ్డయ్య అతని అక్క సిద్దమ్మ మొగుడు. అక్కకు ఇప్పుడు ఆరో నెల. పొద్దున సంగటి పెడుతూ ఆమె, "యాడికి పోతాండారు ఇద్దరూ?" అని అడిగితే, "వంక చూసొస్తాం" అని గిడ్డయ్యే చెప్పినాడు. అబద్ధం కాదు, నిజమూ కాదు. దేవేంద్రప్ప తల వంచుకుని తిన్నాడు.

కర్నూలులో బి.ఏ. చదివిన రెండేండ్లూ వానకాలంలో స్నేహితులకు ఇదే వేడుక. పుల్లన్న వాళ్లు తరతరాలుగా తుంగభద్ర మీద పుట్టి నడిపేవాళ్లు. వెదురుబద్దలు గుండ్రంగా అల్లి ఎనుముతోలు కప్పిన పాత పుట్టినొకదాన్ని బండికెత్తుకుని, పుల్లన్న, బాలస్వామి, దేవేంద్రప్ప ముగ్గురూ సిద్దమ్మ ఊరి పక్కనుండే కోనవంకకు వచ్చేవాళ్లు. ఏడాదిలో పది నెలలు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. కొండల్లో నాలుగు వానలు పడితే మాత్రం రాళ్ల సందుల్లో నురగలు కక్కుతూ పరుగు పెడుతుంది. హంద్రి నదిలో కలిసేదాకా మూడు మైళ్లు, పుట్టిలో గిరగిరా తిరుగుతూ జారిపోవడమే పని. అందులో ఏముందని అడిగితే ముగ్గురిలో ఎవరూ చెప్పలేరు. కడవ నీళ్ల కోసం మైలు నడిచే ఇంట్లో పుట్టినవాణ్ని నీళ్లే ఎత్తుకుని పోతుంటే ఎట్లుంటుందో, అది చెప్పి తెలిసేది కాదు.

ఈసారి బాలస్వామికి చలిజ్వరం. చదువైపోయింది, వచ్చే నెల దేవేంద్రప్ప పంతులు పనిలో చేరాలి. ఇదే ఆఖరుసారి కాబట్టి ఎట్లాగైనా పోవాలనుకున్నారు. ముందురోజు సాయంత్రం అక్క ఇంటి అరుగు మీద కూర్చుని దేవేంద్రప్ప ఊరికే నోరు జారినాడు.

"మా బావను పిలుద్దామంటే, మెట్లు లేని నీళ్లలో దిగడాయన."

"ఏమప్పా, బి.ఏ. చదివితే నోరు బాగా లేస్తాండాదే," అన్నాడు గిడ్డయ్య. "మూడు నిలువుల బావిలో మునిగి అడుగుమట్టి తెచ్చినోన్ని. నీ మోకాటి లోతు వంకకు భయపడతానా?"

బావా బావమరుదుల మాటలు అట్లాగే ఉంటాయి. అంతటితో పోవలసింది. కానీ తెల్లారేసరికి గిడ్డయ్య పంచె బిగించి సిద్ధంగా ఉన్నాడు. వద్దనడానికి దేవేంద్రప్పకు నోరు రాలేదు. హాస్టలులో ఉన్నన్నాళ్లూ నెలనెలా జొన్నల మూట బండిలో వేసుకుని ఇరవై మైళ్లు తోలుకొచ్చిన మనిషి ఆయన.

పుట్టి నీళ్లలోకి తోసేముందు పుల్లన్న ఒకే ఒక మాట చెప్పినాడు.

"బావా, చేతులు లోపల పెట్టుకో. బండ అడ్డమొస్తే పుట్టి తగుల్తాది, తిరుగుతాది, దాని పాటికి అది పోతాది. నువ్వు దాన్ని ముట్టొద్దు."

"నాకు చెప్పల్లనా?"

మొదటి మైలు బాగానే సాగింది. పుట్టి సుడి తిరిగినప్పుడల్లా గిడ్డయ్య చిన్నపిల్లోని మాదిరి నవ్వినాడు. రెండో మైలులో నీళ్ల రంగు మారింది. ఎర్రగా చిక్కబడి, పుల్లలూ గొర్రెపెంటికలూ తేలుతూ రాసాగినాయి. పుల్లన్న తెడ్డు ఆపి వెనక్కి చూసినాడు.

"పైన గట్టిగా కురిసినట్లుండాది."

"దిగుదామా?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఈడ యాడ దిగేది, రెండు పక్కలా గట్టు నిలువుగా ఉండాది. మలుపు తిరిగితే మడుగొస్తాది. ఆడ దిగుదాం."

మలుపుకు ముందే నడివంకలో పెద్ద బండ ఎదురయ్యింది. ఈ సీమలో అందరూ ఈత నేర్చేది బావిలోనే. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్లు నీళ్లలోకి నూకుతారు. ఊపిరాడకపోతే గోడరాయి అందుకోవాలి. రాయి అందితే బతికినట్టే. గిడ్డయ్య ఒంటికి చిన్నప్పటి నుంచీ తెలిసింది అదే. పుట్టి బండకు తగిలి ఊగగానే ఆయన రెండు చేతులూ చాచి దాన్ని కావలించుకున్నాడు. పుట్టి ఆయన కింది నుంచి జారిపోయింది.

మలుపు తిరిగి మడుగులో పుట్టి ఆపి, ఇద్దరూ రాళ్ల మీద పడుతూ లేస్తూ గట్టెక్కి వెనక్కి పరిగెత్తినారు. గిడ్డయ్య బండకు కరుచుకుని ఉన్నాడు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. చూస్తుండగానే ఇంకో బెత్తెడు పెరిగినాయి.

"తాడు అందదు," అన్నాడు పుల్లన్న. "నేను మడుగులో పుట్టి అడ్డం పెడతా. నువ్వు ఆయప్పను వదిలించు. ఈ పక్కకే వదలల్ల. ఆ పక్క తుమ్మచెట్లు మునిగిండాయి, కొమ్మల్లో తగులుకుంటే మనిషి పైకి తేలడు."

దేవేంద్రప్ప గట్టు మీద నుంచి అరిచినాడు, చేతులు ఊపినాడు. ఆ హోరులో తన మాట తనకే వినపడలేదు. గిడ్డయ్య చూసినాడు, తల అడ్డంగా ఊపినాడు, మళ్లీ చెంప బండకు ఆనించుకున్నాడు.

పైకి ఇరవై గజాలు పోయి దేవేంద్రప్ప నీళ్లలో దూకినాడు. ఎన్ని గుటకలు మింగినాడో తెలియదు. బండ వచ్చి భుజానికి కొట్టింది. తడుముకుంటే గిడ్డయ్య మొలతాడు చేతికి దొరికింది.

"బావా, వదులు."

"వదల్ను. ఈడనే ఉంటా. తగ్గుతాదిలే."

"తగ్గదు బావా. పెరుగుతాండాది."

నీళ్లు రొమ్ముకు వచ్చినాయి. గిడ్డయ్య వేళ్ల కొసలు చిట్లి నెత్తురు కారుతున్నది. మూడు నిలువుల బావి అడుగు చూసిన మనిషి పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నన్ను పట్టుకుంటావా నువ్వు?" అని అడిగినాడు.

పట్టుకుంటానంటే ఆయన వదిలేవాడే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పట్టుకుంటాడని నమ్మి దిగినవాడు, మొదటి సుడిలోనే మెడకు చుట్టుకుంటాడు.

"పట్టుకోను," అన్నాడు దేవేంద్రప్ప. "పట్టుకుంటే ఇద్దరం పోతాం. ఎల్లకిలా పడుకో. కాళ్లు ముందరికి పెట్టు. ఈదొద్దు. కింద పుల్లన్న ఉండాడు."

గిడ్డయ్య బావమరిది ముఖంలోకి చూసినాడు. తర్వాత కండ్లు మూసుకుని, ఈ పక్కకే ఒరిగి చేతులు వదిలినాడు.

మలుపు దగ్గర ఒకసారి తల కనిపించింది, తర్వాత లేదు. బండ మీద ఒక్కడే మిగిలిన దేవేంద్రప్ప చెవులు పెట్టి విన్నాడు. నీళ్ల మోత తప్ప ఏదీ లేదు. తానూ వదిలినాడు.

మడుగులోకి కొట్టుకు వచ్చేసరికి పుట్టి బోర్లాపడి తేలుతున్నది. అందులో మనిషి లేడు. దాని చుట్టుపక్కల మనిషి లేడు. దేవేంద్రప్పకు అక్క ఎదురుగా నిలబడినట్టే అయింది. అప్పుడు వెనక నుంచి దగ్గు వినిపించింది. ఇసుక మీద గిడ్డయ్య బోర్లా పడి ఎర్రనీళ్లు కక్కుతున్నాడు. పుల్లన్న ఆయన వీపు తడుతున్నాడు. గిడ్డయ్య పంచె పోయింది, మోకాలి చిప్ప మీద తోలు పోయింది.

ఇంటికి పోయే దారిలో గిడ్డయ్య, "బావి మెట్ల మీద జారినానని చెప్తా," అన్నాడు.

"వద్దు బావా. నేను చెప్తా."

పుల్లన్న పుట్టిని దించడానికి బండి దగ్గరే ఆగినాడు. సిద్దమ్మ వాకిట్లోనే ఎదురైంది. దేవేంద్రప్ప మొదటి నుంచీ అంతా చెప్పినాడు, అరుగు మీద తానన్న మాటతో సహా. ఆమె మొగుని చేయి తీసుకుని చిట్లిన వేళ్లు చూసింది.

"వదలమని చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"వదిల్తే బతుకుతాడని తెల్సా నీకు?"

"తెలీదక్కా. అట్లనే ఉంటే బతకడని తెల్సు."

సిద్దమ్మ లోపలికి పోయి పసుపు తెచ్చింది. వేళ్లకు అద్దుతున్నంతసేపూ తమ్ముని వైపు చూడలేదు.

"నా కాన్పయ్యేదాకా నువ్వు ఈ ఇంటికి రావద్దు," అంది.

"సిద్దీ, పోతానన్నది నేనే గదా…" అని గిడ్డయ్య ఏదో అనబోయినాడు. ఆమె పసుపు ఇంకొంచెం గట్టిగా అద్దింది.

"సరేనక్కా," అని దేవేంద్రప్ప గడప వైపు తిరిగినాడు.

"ఇప్పుడు యాడికి పోతాండావు, తడిబట్టల్తో? ఆ పుల్లన్నను గూడా పిల్చుకోనిరా. సంగటి తిని పోండి."