ఆపేసిన సూదిమందు

లుంగీ మారుస్తుంటే కనిపించింది శాంతికి. అన్న ఎడమకాలు కుడికాలికన్నా లావుగా ఉంది. ఆమె నర్సు. పిక్క మీద వేలితో నొక్కగానే గుంట పడింది.

"ఎన్ని దినాలుగా ఉండాదన్నా ఇట్ల?"

"పది దినాలు ఉంటాదేమో. లేత్ మిషన్ ముందర ఇరవై ఏండ్లు నిలబడిన కాలు కదమ్మా, వాయకుండా ఉంటాదా?" అన్నాడు దానియేలు.

క్లోమంలో క్యాన్సర్ అని తేలి నాలుగు నెలలైంది. పెళ్ళాం పోయిన మనిషి. శాంతి బొమ్మనహళ్ళిలో తనింట్లోనే పెట్టుకుని చూసుకుంటోంది.

అప్పటికప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కాన్‌లో తొడదాకా రక్తం గడ్డకట్టి ఉంది. క్యాన్సర్ ఉన్నవాళ్ళకు రక్తం తొందరగా గడ్డకడుతుందని, ఆ గడ్డలో ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడని డాక్టర్ కావ్య చెప్పింది. ఆ మాటలు శాంతి ఎంతమందికి చెప్పిందో! ఇప్పుడు మాత్రం కొత్తగా వింటున్నట్టు తలూపింది.

రక్తాన్ని పలచబరిచే సూది రెండు పూటలా పొట్ట మీద వేయాలి. శాంతే వేసేది. బొడ్డు చుట్టూ నీలిమచ్చలు కమ్మేస్తే, మచ్చలేని చోటు వెతికి మరీ వేసేది. మూడు వారాలకు వాపు తీసింది. దానియేలు గుమ్మందాకా నడిచి, ఉప్మా అడిగి తిన్నాడు.

ఆ ఆదివారమే మలం తారులా నల్లగా వచ్చింది. సోమవారం రక్తం కక్కుకున్నాడు. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్తే, కణితి పేగును తొలిచేసిందన్నారు.

"సూది ఆపేయాలి సిస్టర్," అంది కావ్య.

"ఆపితే మళ్ళీ గడ్డకడతాది కదా మేడమ్?"

"కడుతుంది. గడ్డ పైకి పోకుండా సిరలో జల్లెడలాంటిది పెట్టొచ్చు గానీ, ఆయన ఒళ్ళు తట్టుకోదు."

అన్నను ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున దానియేలు అలవాటుగా చొక్కా పైకెత్తి పడుకున్నాడు.

"వెయ్యమ్మా."

"ఈపొద్దు లేదన్నా."

"రేపా?"

అబద్ధమాడడానికి ఆమెకు నోరు రాలేదు. "ఇంక వెయ్యరన్నా."

దానియేలు చొక్కా తనే కిందికి లాక్కున్నాడు. "పోనీలే. వచ్చి ఇట్ల కూర్చో."

శుక్రవారానికి కాలు మళ్ళీ వాచి బిగిసింది. శనివారం పొద్దున, ఆమె అన్న మొహం తుడుస్తుండగానే, అతను గుడ్లు తేలేసి చొక్కా పీక్కున్నాడు.

"గాలి రాలేదమ్మా..."

లోపల ఏం జరుగుతోందో ఆమెకు పూర్తిగా తెలుసు. తెలిసీ లేపి కూర్చోబెట్టి, తన భుజానికి ఆనించుకుని వీపు నిమరడం తప్ప ఏమీ చేయలేకపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. తల బరువుగా వాలిపోయాక కూడా నిమురుతూనే ఉంది, పక్కింటి కళ్యాణి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా.