పాట్‌లక్ షీటులో మావయ్యగారు

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో తెలుగువాళ్ళు పదిమంది ఒకచోట చేరాలంటే ముందు ఆన్‌లైన్‌లో ఒక షీటు కావాలి. ముహూర్తం లేకుండా పెళ్ళయినా అవుతుందేమో గాని, షీటు లేకుండా తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్ కాదు. ఎడమవైపు వంటకం, మధ్యలో ఎన్ని ట్రేలు, కుడివైపు ఎవరు తెస్తున్నారు. ఆ మూడో గడిలో తమ పేరు ముందుగా పడాలని జనం పడే తాపత్రయం చూడాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మిగిలేవి పేపర్ ప్లేట్లూ, ఐసూ. పేపర్ ప్లేట్లు తెచ్చినవాళ్ళని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోరు.

శ్రీవిద్య ఇంట్లో డిసెంబర్ ఇరవై ఐదున ఈ పాట్‌లక్ తొమ్మిదేళ్ళ ఆనవాయితీ. ఈసారి కుదరదని చెప్పాల్సింది. చెప్పలేదు. మార్చిలో మామగారు పద్మనాభానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు. రోజు మొత్తానికి నాలుగైదు మాటలకి మించి నోట్లోంచి రావు. మంచినీళ్ళు కూడా గొంతులో అడ్డం పడతాయని, నీళ్ళు చిక్కబడే పొడి ఒకటి కలిపి ఇవ్వాలి. పగలు కొన్ని గంటలు హలీనా అనే ఆవిడ వచ్చి సాయం చేసేది. ఇరవయ్యో తారీకు నుంచి ఆవిడకి రెండు వారాలు పండగ సెలవు. భర్త రాధాకృష్ణ పనిచేసేది ఆన్‌లైన్‌లో సరుకులమ్మే కంపెనీలో. దేశమంతా కానుకలు కొనుక్కునే నెలలో అతని ఫోన్ బాత్రూంలోకి కూడా వెంట వెళ్తుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఈ మధ్యలో నలభై మందికి భోజనాలు.

"ఈ ఇయర్ స్కిప్ చేద్దామా?" అని రాధాకృష్ణ ఒకసారి అడిగాడు.

"ఎందుకు? నేను మేనేజ్ చేస్తాను," అంది శ్రీవిద్య.

మార్చి నుంచి ఆ మాట ఎంతమందితో అందో ఆమెకే తెలియదు. హాస్పిటల్‌లో సోషల్ వర్కర్‌తో అంది, ఆఫీసులో మేనేజర్‌తో అంది, ఫోన్ చేసిన ప్రతివాళ్ళతోనూ అంది. అనగా అనగా అది అబద్ధమన్న సంగతే మరిచిపోయింది. దానికి తోడు, మామగారు తన చేతి ముద్ద తప్ప తినరని ఒక గట్టి నమ్మకం. ఏప్రిల్‌లో ఒకరోజు హలీనా తినిపించబోతే ఆయన నోరు బిగించేశారు. ఇక ఆ రోజు నుంచి ఆ పని శ్రీవిద్య ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ రోజు హలీనా పెట్టబోయింది ఉప్పూకారం లేని ఉడకబెట్టిన బ్రాకొలీ అన్న సంగతి మాత్రం ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు భయం ఇంకొక ఎత్తు. అక్టోబర్‌లో రొమ్ముకి తీసిన మామోగ్రాంలో ఎడమవైపు ఏదో కనిపిస్తోందని, ఇంకో స్కాన్ తీసి చూడాలని చెప్పారు. మొదటి అపాయింట్‌మెంట్ రోజున మామగారికి జ్వరం వచ్చింది. రెండో అపాయింట్‌మెంట్ రోజున హలీనా కారు స్టార్ట్ కాలేదు. మూడోది డిసెంబర్ ఇరవై మూడు, మంగళవారం, ఉదయం పదిన్నర. ఇది కూడా వదులుకుంటే ఫిబ్రవరి దాకా ఖాళీ లేదని ఫోన్‌లో అమ్మాయి తేల్చి చెప్పింది. శ్రీవిద్య భర్తకి చెప్పలేదు. గిన్నెలు కడుగుతుంటేనో, సిగ్నల్ దగ్గర కారు ఆగితేనో ఆ 'ఏదో' గుర్తొచ్చేది. పద్నాలుగేళ్ళ కూతురు నైనికని చూసినప్పుడు మరీను. ఉన్న మాట చెప్పాలంటే, భయంతో చచ్చిపోతోంది. అయినా ఆ రెండు గంటలు మామగారి దగ్గర ఎవరుంటారన్న ప్రశ్నకి జవాబు దొరక్క, మళ్ళీ వాయిదా వేసే ఆలోచనలోనే ఉంది.

డిసెంబర్ పద్నాలుగు, ఆదివారం ఉదయం, వాట్సాప్ గ్రూపులో నమ్రత తగులుకుంది. నమ్రత నల్గొండ పిల్ల, ప్రాజెక్ట్ మేనేజర్. ఈ షీటు అనే బ్రహ్మపదార్థాన్ని ఊళ్ళో మొదట ప్రవేశపెట్టింది ఆవిడే. "విద్యక్కా, షీట్ ఇంకా పెట్టలేదేంది? జనం ఆగుతలేరు," అని మెసేజ్. శ్రీవిద్య ఒక చేత్తో నీళ్ళలో పొడి కలుపుతూ రెండో చేత్తో లింకు పంపేసి, మామగారి దగ్గరికి వెళ్ళిపోయింది.

కొంప అక్కడే మునిగింది. హలీనా సెలవు రోజుల కోసం శ్రీవిద్య మామగారి పనుల పట్టిక ఒకటి వేసుకుంది. కొత్తగా తయారుచేసే ఓపిక లేక, కిందటేడు పాట్‌లక్ షీటునే కాపీ చేసి, వంటకాలు చెరిపి పనులు రాసింది. పైన ఆకుపచ్చ రంగు, మూలన దీపం బొమ్మ, 'ఎవరు తెస్తున్నారు' అనే శీర్షిక అలాగే ఉండిపోయాయి. ఆ మూడో గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. అన్నీ తనే చేసుకునేటప్పుడు పేరెందుకు రాయడం? గ్రూపుకి వెళ్ళింది ఆ పట్టిక.

మనవాళ్ళు షీటు చదువుతారా? ఖాళీ గడి కనిపిస్తే చాలు, పేరు రాసేస్తారు. అరగంటలో సగం నిండింది. 'ఉదయం 8: ఇడ్లీ, మెత్తగా నలిపి' అన్నదాని ఎదురుగా ఒకావిడ 'అరవై ఇడ్లీలు, రెండు చట్నీలు' అని రాసింది. 'మధ్యాహ్నం 1: పెరుగన్నం, మిక్సీలో తిప్పి' ఎదురుగా ఇంకొకరు 'రెండు ట్రేలు, దానిమ్మ గింజలతో' అన్నారు. 'ఉదయం 11: స్నానం' ఎదురుగా, ఆలస్యంగా నిద్రలేచిన ఒక పెద్దమనిషి 'పేపర్ ప్లేట్లు, ఐస్' అని తన పేరు పెట్టి పోయాడు.

ముందుగా కనిపెట్టింది నైనిక. "అమ్మా, తాతయ్య షవర్ పాట్‌లక్‌లో ఎందుకు ఉంది?"

"ఏం వాగుతున్నావే?"

"అయామ్ సీరియస్. నువ్వే చూడు."

శ్రీవిద్య ఫోన్ లాక్కుని చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. వేలితో కిందకి జరిపింది. తనకోసం మాత్రమే రాసుకున్న వరస అక్కడే ఉంది: '23 మంగళ, 10:30: నా బ్రెస్ట్ స్కాన్. మూడోసారి. వాయిదా వెయ్యాలా?' దాన్ని చెరపబోతుండగా, ఎదురుగా ఉన్న ఖాళీ గడిలో ఒక్కో అక్షరమే పడడం మొదలైంది. ఎవరో అప్పుడే రాస్తున్నారు. 'వాయిదా వెయ్యొద్దు. ఉమామహేశ్వరి.'

ఉమామహేశ్వరి రెండు వీధుల అవతల ఉంటుంది. గ్రూపులో అందరికీ ఆంటీ. ఇరవై ఏళ్ళు ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి కనుక, ఏ కాగితమైనా మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. మరుక్షణం ఫోన్ మోగింది.

"విద్యా, ఇది పాట్‌లక్ షీటు కాదు కదమ్మా."

"పొరపాటున పంపాను ఆంటీ. ఇప్పుడే తీసేస్తాను. ఎవరికీ చెప్పకండి, ప్లీజ్."

"నలభై మందికి పంపి ఎవరికీ చెప్పొద్దంటావేమే, పిచ్చిదానా!"

శ్రీవిద్య నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. వంటింటి గట్టుకి ఆనుకుని, కూతురు చూస్తోందని కూడా చూడకుండా ఏడ్చింది. అవతల ఉమామహేశ్వరి ఆ ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. మార్చి నుంచి ప్రతి శనివారం ఫోన్ చేసి ఏమైనా కావాలా అని అడుగుతున్నాను. 'మేనేజ్ చేస్తున్నానాంటీ' అన్నావు. నమ్మాను చూడు, నాదీ బుద్ధి తక్కువే. ఆ షీటు తీశావంటే ఊరుకోను."

"మావయ్యగారు నా చేత్తో పెడితే తప్ప తినరు ఆంటీ."

"తినకపోతే ఒకపూట ఆలస్యంగా తింటారు. నీ స్కాన్ కంటే ఎక్కువా అది?"

ఫోన్ పెట్టేసరికి రాధాకృష్ణ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతనూ ఆ గ్రూపులోనే ఉన్నాడు మరి.

"మూడోసారి అని రాశావు. మొదటి రెండుసార్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి? ఆన్-కాల్‌లో ఉన్నావు, ఆఫీసు ఫోన్ వదల్లేవు."

"చెప్పి చూడాల్సింది విద్యా. నలభై మందితో పాటు నేనూ షీటులో చదువుకోవాలా?"

తప్పు తనదే అయినా, అప్పటికే ఏడ్చి ఉన్న శ్రీవిద్యకి కోపం రావడం ఎంతసేపు? "నువ్వు ఎప్పుడైనా అడిగావా? ఆయన మీ నాన్న. స్నానం ఎవరు చేయిస్తున్నారు, నీళ్ళెవరు కలుపుతున్నారు, ఒక్క రోజైనా చూశావా? నేను మేనేజ్ చేస్తానంటే హాయిగా నమ్మేశావు!"

రాధాకృష్ణ సాకులు వెతకలేదు, అది అతని మంచితనం. ఫోన్ తీసి ఏదో టైప్ చేశాడు. శ్రీవిద్య చేతిలోని షీటులో పేపర్ ప్లేట్లూ ఐసూ మాయమయ్యాయి. పదకొండు గంటల స్నానం ఎదురుగా 'కృష్ణ' అని పడింది. తర్వాతి రోజుకీ పడింది, ఆ తర్వాత రోజుకీ పడింది. రెండు వారాలూ నింపి, ఇరవై మూడున మాత్రం స్నానం పొద్దున ఏడింటికి జరిపి, ఆ రోజు డ్యూటీ మార్చమని మేనేజర్‌కి మెసేజ్ పెట్టి, నాన్న గదిలోకి వెళ్ళాడు.

సాయంత్రానికి నమ్రత మొత్తం వ్యవహారం చేతిలోకి తీసుకుంది. పాట్‌లక్ ఉమామహేశ్వరి గారింటికి మారింది. ఇడ్లీలూ ట్రేలూ వేరే షీటులోకి వెళ్ళాయి. మామగారి పట్టికకి నమ్రత తనే ఒక కొత్త కాపీ చేసింది. "అక్కా, ఇగ దీన్ని నువ్వు ముట్టకు. నీకు చూసుడే, మార్చుడు లేదు. పర్మిషన్ ఇయ్యలే," అంది. శ్రీవిద్య మొహమాటపడింది, బతిమాలింది. నమ్రత వినే రకం కాదు.

ఇరవై మూడో తారీకు పొద్దున తొమ్మిదిన్నరకి ఉమామహేశ్వరి, ఆవిడ భర్త దామోదర్ మంచు బూట్లు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చారు. ఆవిడ చేతిలో మెత్తగా కలిపిన ముద్దపప్పు అన్నం డబ్బా, ఆయన జేబులో పేకముక్కలు. శ్రీవిద్య నాలుగు పేజీల సూచనలు రాసి ఉంచింది. పొడి ఎన్ని చెంచాలో, దిండు ఏ వైపో, ముద్దకీ ముద్దకీ మధ్య ఎంతసేపు ఆగాలో. దామోదర్ వాటిని శ్రద్ధగా చదివి కళ్ళజోడు తీశాడు.

"అర్థమైందమ్మా. నువ్వు వెళ్ళేది స్కాన్‌కి. చంద్రమండలానికి కాదు. పదండి, టైమవుతోంది."

స్కాన్ సెంటర్ గుమ్మంలోనే రాధాకృష్ణ ఫోన్ ఆపేశాడు. పెళ్ళయ్యాక అతను ఆ పని చేయడం ఆమె చూడడం ఇదే మొదటిసారి. లోపల చల్లటి జెల్లు, చీకటి గది, పలకని యంత్రం. తెర వైపు చూడకుండా ఆమె పైకప్పు పలకల్లోని చుక్కలు లెక్కపెట్టుకుంది. ఎప్పటికో డాక్టర్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. అది ఉత్త నీటితిత్తి అనీ, భయపడాల్సింది ఏమీ లేదనీ, ఏడాది తర్వాత మామూలు పరీక్షకి వస్తే చాలనీ చెప్పింది. శ్రీవిద్య ఇంకోసారి చెప్పించుకుంది. డాక్టర్ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

కారులో కూర్చున్నాక రాధాకృష్ణ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఆమెకి కరువులో ఉన్నట్టు ఆకలేసింది. దగ్గర్లో ఉన్న హోటల్లో మసాలా దోశ తిన్నారు. దోశ వేడిగా ఉండగానే, మధ్యలో ఎవరూ పిలవకుండా, చివరి ముక్క దాకా తినడం మార్చి తర్వాత అదే మొదలు. ఇంటికి ఫోన్ చేస్తానని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ అతను కూర్చోబెట్టాడు.

ఇంటి తలుపు తీస్తే లోపల నవ్వులు. బల్ల మీద వెడల్పాటి పళ్ళెంలో బియ్యం పోసి, అందులో పేకముక్కలు నిలబెట్టి ఉన్నాయి. చెయ్యి ఒకటే పనిచేసే మనిషి ఆడడానికి దామోదర్ కనిపెట్టిన ఉపాయం అది. పద్మనాభం ఎడమచేత్తో ఒక ముక్క లాగి బల్ల మీద కొట్టారు. కళ్ళల్లో మెరుపు. మార్చి తర్వాత ఆ మెరుపు ఆమె చూడలేదు.

"తిన్నారా?" అంది శ్రీవిద్య మొట్టమొదట.

"రెండుసార్లు పెట్టించుకున్నారు. తొందరపడొద్దని నేనే ఆపాల్సొచ్చింది," అంది ఉమామహేశ్వరి.

శ్రీవిద్యకి చురుక్కుమంది. తొమ్మిది నెలలు తను లేకపోతే జరగదనుకున్నది ముద్దపప్పుతో జరిగిపోయింది. ఆ వెంటనే, భుజాల మీద బరువెవరో దించినట్టు తేలికైపోయింది. తను నాలుగు గంటలు లేకపోతే ఆయనకేమీ కాదు. డాక్టర్ చెప్పిన మాటకి ఎంత సంతోషించిందో దీనికీ అంతే సంతోషించింది.

పద్మనాభం ముక్కలు వదిలి కోడలి వైపు తిరిగారు. పెదవులు కూడగట్టుకోవడానికి కొంత సమయం పట్టింది.

"బా... గుందా?"

"బాగుందన్నారు మావయ్యగారూ. ఏమీ లేదన్నారు."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. చెంప మీదకి ఒక చుక్క జారితే ఎడమచేత్తో ఆయనే తుడుచుకున్నారు. తర్వాత ఆట వైపు చూశారు, దామోదర్ వైపు చూశారు, మళ్ళీ కోడలి వైపు చూశారు.

"రేపూ... వెళ్ళు."

దామోదర్ పగలబడి నవ్వాడు. శ్రీవిద్య కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వుతోనే, కోటు విప్పుకుంటూ, అలవాటు కొద్దీ తర్వాతి పని ఏమిటో చూద్దామని ఫోన్‌లో షీటు తెరిచింది. మూడున్నరకి కాళ్ళ వ్యాయామం, కృష్ణ. నాలుగున్నరకి చిక్కటి కాఫీ, నైనిక. వాటికి పైన పొద్దున లేని వరస ఒకటి ఉంది, నమ్రత చేర్చినది. '2 నుంచి 4: నిద్ర.' ఎవరు తెస్తున్నారు అన్న గడిలో 'విద్యక్క' అని రాసి ఉంది.

గడియారం రెండవుతోంది. శ్రీవిద్య ఆ గడి మీద వేలు పెట్టి నొక్కింది. మారలేదు. మార్చే పర్మిషన్ ఆమెకి లేదు. మేడ మీదకి వెళ్ళి పడుకుంది.