దయామణి మేడమ్ నాలుక కింద

దయామణి మేడమ్ ఉదయం తొమ్మిదింటికి అంబులెన్సులో వస్తుంది. ఆవిడ ఊపిరి తొమ్మిదిన్నరకు సిటీ బస్సులో వస్తుంది. మధ్యలో ఆ అరగంటా సువార్త సిస్టర్ ఆవిడ ముఖానికి గాలి సంచి ఆనించి నొక్కుతూ కూర్చుంటుంది. ఈ వార్డులో ఇదేమీ కొత్త కాదు.

ఊపిరి మెట్లెక్కి వచ్చి డీఅడిక్షన్ వార్డు బయట బల్ల మీద కూర్చుంటుంది. కాళ్ళకు హవాయి చెప్పులు, చేతిలో గుడ్డ సంచి. ఎండలో ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బినప్పుడు లోపల ఏదుంటుందో, అదే దాని రూపం.

"లోపలికి రా," అంటుంది సువార్త.

"రాను. ఇది నాలుగోసారి. మూడుసార్లూ నన్ను దారిలో దింపేసి తన పాటికి తాను పోయింది."

"ఈసారి అలా జరగదు."

"ఎవరి పూచీ?"

"నాది," అంటుంది సువార్త, క్షణం కూడా ఆలోచించకుండా. "రోజూ పొద్దున్న మాత్ర నేనే పెడతాను. కరిగిందో లేదో నాలుక ఎత్తించి నేనే చూస్తాను. ఒక్క రోజు కూడా మానను."

ఊపిరి ఆమె ముఖంలోకి చాలాసేపు చూస్తుంది. తర్వాత చెప్పులు బల్ల కింద విడిచి, వార్డులోకి నడిచి, మేడమ్ ముక్కులోంచి లోపలికి దిగి తన చోట సర్దుకుంటుంది. సంచి మాత్రం విప్పదు.

మేడమ్ అంటే సువార్తకు ఎవరో చెప్పాలి. ఇరవై మూడేళ్ళ కిందట నర్సింగ్ స్కూల్లో పాఠం చెప్పిన మనిషి. నాడి పట్టుకోవడం, దుప్పటి మూలలు మడవడం, చనిపోతున్నవాళ్ళ కళ్ళలోకి చూపు తిప్పుకోకుండా చూడడం ఆవిడే నేర్పింది. మొదటి నెలలో సువార్త ఇంటికి పోతానని ఏడిస్తే, కంచంలో అన్నం కలిపి ఎదురుగా కూర్చుని, ఆఖరి ముద్ద తినేదాకా లేవలేదు. సువార్త ఆ రోజున తన లోపల ఆవిడకొక కుర్చీ వేసింది. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవర్నీ కూర్చోనివ్వదు.

పేషెంట్లను ఎత్తీ దించీ మేడమ్ నడుము పాడైంది. ఆపరేషన్ థియేటర్లో ఎవరో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి పోయింది, ఇంజెక్షన్ మాత్రం పోలేదు. తర్వాత పేషెంట్లకు ఎక్కించగా మందు సీసాలో మిగిలింది తీసుకుంది. ఆ తర్వాత మిగలనిది కూడా తీసుకుంది.

వార్డులో పద్ధతి ఇది. ఉదయం ఏడింటికి నాలుక కింద తెల్ల మాత్ర పెడతారు. అది కరగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ మాట్లాడకూడదు, మింగకూడదు. నర్సు ఎదురుగా కూర్చుని కనిపెట్టుకుని ఉంటుంది. పది నిమిషాలయ్యాక టార్చి వేసి "నాలుక ఎత్తండి" అంటుంది. ఆ మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ పాత మందు వచ్చి తలుపు కొట్టినా ఎవరూ తీయరు. అందుకే కొందరు దాన్ని కరగనివ్వకుండా దాచి, తర్వాత ఉమ్మేస్తారు.

ఆ పది నిమిషాల్లో ఆపుకున్న మాటలన్నీ కిటికీ ఊచల మీద చెమ్మలా చేరతాయి. ఎనిమిదింటికి ఆయా వచ్చి గుడ్డతో తుడిచేస్తుంది. గుడ్డ పిండినప్పుడు బకెట్లోంచి సణుగుడు వినిపిస్తుంది, అయితే ఒక్క ముక్కా అర్థం కాదు.

మర్నాడు మొదటి మాత్ర పెట్టి, పది నిమిషాలూ అయ్యాక సువార్త టార్చి తీస్తుంది. నోరు తెరిచి "నాలుక ఎత్తండి మేడమ్" అనబోతుంది. మేడమ్ అప్పుడు కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. పరీక్షలో తప్పు జవాబు రాసిన పిల్లను చూసినట్టుగానే చూస్తుంది. సువార్తకు నలభై రెండేళ్ళు. ఆ చూపుకు పందొమ్మిదయిపోతాయి, యూనిఫాం వదులవుతుంది, చేతిలో టార్చి బరువెక్కుతుంది.

"కరిగిపోయిందిలే అమ్మాయ్," అంటుంది మేడమ్.

"సరే మేడమ్," అంటుంది సువార్త. చార్టులో 'చూడడమైనది' అని రాస్తుంది. చేతికి మళ్ళీ నలభై రెండేళ్ళు వచ్చేదాకా అక్షరాలు గుండ్రంగా, పిల్లల రాతలా పడతాయి.

రెండో రోజూ అంతే. మూడో రోజుకు టార్చి జేబులోంచి తీయడమే మానేస్తుంది.

పక్క మంచం అప్పలకొండది. లారీ డ్రైవరు. మోకాలి నొప్పికి మొదలెట్టిన బిళ్ళలు అతన్ని ఇక్కడిదాకా తెచ్చాయి. అతని ఊపిరి తిరిగొచ్చింది గానీ పూర్తిగా కుదురుకోలేదు, పగలంతా మంచం కింద పడుకుని భోజనానికి మాత్రం లోపలికి పోతుంది.

"ఏటి సిస్టరమ్మా," అంటాడు అప్పలకొండ నాలుగో రోజు. "మాకైతే నాలుక ఎత్తమంటావు. ఆ మేడమ్ గారిని అడగవేటి?"

"ఆవిడ నాకు చదువు చెప్పిన మనిషి."

"చదువు చెప్పినోళ్ళకి నాలుక ఉండదేటి?"

సువార్తకు కోపం వస్తుంది. అతని దుప్పటి మూలలు అవసరానికి మించి గట్టిగా మడుస్తుంది.

మేడమ్ ఆవలిస్తూనే ఉంటుంది. ఒక్కో ఆవలింతనూ చేతిరుమాల్లో పట్టి, మడిచి, దిండు కింద పెడుతుంది. ఐదో రోజుకు దిండు జానెడు ఎత్తు లేస్తుంది. కళ్ళూ ముక్కూ కారుతుంటాయి. చేతుల మీద లేచిన గగుర్పాటు పక్క మీద రాలుతుంది. పక్క సర్దేటప్పుడు సువార్త అరచేతికి అది నూకల్లా గరగర తగులుతుంది. చారెడు దాకా పోగవుతుంది.

మాత్ర ఒంట్లోకి పోతున్న మనిషికి ఇవేవీ ఉండకూడదు. ఈ పాఠం కూడా సువార్తకు తెలుసు, ఎవరు చెప్పారో కూడా తెలుసు.

"ఫ్యాను గాలి పడటం లేదు అమ్మాయ్," అంటుంది మేడమ్.

సువార్త ఫ్యాను తగ్గిస్తుంది. నూకలు చాటలోకెత్తి కిటికీలోంచి పారబోస్తుంది. పిట్టలు వచ్చి చూసి, ముట్టుకోకుండా పోతాయి. చార్టులో 'బాగున్నారు' అని రాస్తుంది. తెలిసి రాస్తుంది. ఆ మాట రాస్తున్నప్పుడు కలం ఒకసారి ఆగి ఆమె వంక చూసి, మళ్ళీ కదులుతుంది.

పదో రోజు ఉదయం పదకొండింటికి దయామణి మేడమ్ ఊపిరి మంచం దిగుతుంది. సంచి చంకన పెట్టుకుని, వార్డు మధ్యలోంచి తొందర లేకుండా నడుస్తూ, బల్ల కిందున్న చెప్పుల వైపు పోతుంది. మందుల ట్రే తోస్తూ వస్తున్న సువార్త దానికి ఎదురుపడుతుంది.

"ఎక్కడికి?"

"బస్సు ఉంది."

మంచం మీద మేడమ్ పెదాలు నీలంగా ఉన్నాయి. కనుపాపలు ఆవగింజంత అయ్యాయి. కొప్పు విడిపోయి ఉంది, పక్కనే ఖాళీ మందు సీసా, సూది. రెండూ పది రోజులుగా కొప్పులోనే ఉన్నాయి. వార్డులో చేరేటప్పుడు కొప్పు విప్పించి చూడాలని నేర్పింది కూడా ఆవిడే.

సువార్త చేతులకు పని తెలుసు. తల వెనక్కి వంచుతాయి, గడ్డం ఎత్తుతాయి, గాలి సంచి నొక్కుతాయి, విరుగుడు ఇంజెక్షన్ తొడలో గుచ్చుతాయి. ఆ చేతులు పని చేస్తుండగా సువార్త మాత్రం ఊపిరి వెనకాలే గుమ్మం దాకా పరుగెడుతుంది.

"ఆగు. ఇంజెక్షన్ ఇచ్చాను."

"చూశాను. దానికి మర్యాదగా వెనక్కి వస్తాను. గంటసేపు ఉంటాను, ఆ మందు మాట అంతవరకే చెల్లుతుంది. తర్వాత?"

"నాకు తెలీదు ఆవిడ ఇలా చేస్తుందని. నన్ను మోసం చేసింది."

"నిన్ను ఆవిడ చేసింది," అంటుంది ఊపిరి. "నన్నెవరు చేశారు?"

ఊపిరి వెనక్కి నడిచి, ముక్కులోకి దిగకుండా, మంచం అంచున కూర్చుంటుంది. అక్కణ్ణించే చేయి చాపి మేడమ్ గుండెను పైకీ కిందకీ ఆడిస్తుంది.

మేడమ్ కళ్ళు తెరుస్తుంది. ముఖం ఎర్రబడి ఉంది.

"ఎందుకు లేపావే? పది రోజులు ఒళ్ళు చంపుకున్నాను. మొదటిసారి ఎలా ఉందో అలా ఉండాలని. మొత్తం పాడుచేశావు."

"మీరు చచ్చిపోయేవాళ్ళు మేడమ్. పది రోజులు మానేసిన ఒంటికి పాత మోతాదు పడదు. మీరే చెప్పారు క్లాసులో."

"చెప్పాను. నాలుక కింద చూడమనీ చెప్పాను. చూడనిది ఎవరు?"

వార్డులో కిటికీలన్నీ వాటంతటవే ఒక అంగుళం చిన్నవవుతాయి. అప్పలకొండ గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

"మీ మీద గౌరవంతో చూడలేదు."

"తెలుసు." మేడమ్ గొంతు అప్పుడు మెత్తబడుతుంది. కంచం ముందు కూర్చున్ననాటి గొంతు అదే. "ఈ ఊళ్ళో ఇలాంటి వార్డులు మూడున్నాయి సువార్తా. మిగతా రెండింట్లో చూస్తారు. నువ్వు చూడవని తెలిసే, పడిపోతే నీ దగ్గరికే తెమ్మని ముందే చెప్పిపెట్టాను."

సువార్త లోపల వేసి ఉన్న కుర్చీ లేచి నిలబడుతుంది. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే కదుపుతూ ఆమె పక్కటెముకల మధ్యనుంచి దారి చేసుకుని బయటకు వస్తుంది. వార్డు దాటి, మెట్లు దిగి పోతుంది. నొప్పి పుడుతుంది, చాలా పుడుతుంది. ఇరవై మూడేళ్ళు ఎవరికోసం దాన్ని తుడిచి పెట్టానా అని సువార్తకు ఏడుపొస్తుంది, ఆవిడ ఎదుట ఏడవడం ఇష్టంలేక ఆపుకుంటుంది. గంటలో ఇంకా ఇరవై నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఊపిరి సంచి తాళ్ళు సరిచూసుకుంటోంది.

సువార్త టార్చి తీస్తుంది. ఈసారి ఆ చేతికి నలభై రెండేళ్ళే ఉంటాయి.

"నాలుక ఎత్తండి."

"అమ్మాయ్..."

"నాలుక ఎత్తండి మేడమ్."

మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. ఆ చూపు వచ్చి సువార్త ముఖానికి తగిలి, పట్టు దొరక్క జారి, నేల మీద పడుతుంది. ఆయా దాన్ని పొరకతో పక్కకు నెట్టేస్తుంది. కాసేపటికి మేడమ్ నోరు తెరుస్తుంది. నాలుక ఎత్తుతుంది.

కింద తరగతి గది ఉంది. కరగని పది మాత్రలూ తెల్లటి బల్లల్లా రెండు వరుసల్లో వేసి ఉన్నాయి. బల్లకు ముగ్గురు చొప్పున ముప్ఫై మంది అమ్మాయిలు, తెల్ల యూనిఫాంలలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. మేడమ్ పది నిమిషాలు ఊపిరి పీల్చవద్దని చెప్పినట్టుంది, ఒక్కరూ పీల్చడం లేదు. పెదాలు నీలమైనా వెన్ను నిటారుగానే ఉంచారు. మూడో బల్ల చివర పందొమ్మిదేళ్ళ సువార్త కూర్చుని ఉంది.

ఊపిరి సువార్త భుజం మీదనుంచి తొంగి చూస్తుంది.

"ఆవిడ కోసం ఉండను," అంటుంది. "నీ మాట మీద అసలే ఉండను. వీళ్ళు చిన్నపిల్లలు. వీళ్ళ కోసం దిగుతాను. అయితే నాలుక వాళ్ళ మీద పడకూడదు. ఎవరు పట్టుకుంటారు?"

సువార్త 'నేను' అనదు. ఆ మాట ఒకసారి అనేసింది. ట్రేలోంచి చెక్క పుల్ల తీసి, మేడమ్ నాలుకను పైకెత్తి పట్టుకుంటుంది. ఊపిరి సంచితో సహా లోపలికి దిగి, సంచి విప్పుతుంది. వెనక బల్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి వీపూ నిమురుకుంటూ వస్తుంది. అది నిమిరిన చోటల్లా ఒక ఛాతీ లేస్తుంది, దిగుతుంది. మంచం మీద దయామణి మేడమ్ పెదాలకు రంగు వస్తుంది.

గంట దాటుతుంది. ఊపిరి పోలేదు. డ్యూటీ మారుతుంది, మధ్యాహ్నం సిస్టర్ వచ్చి నిలబడి చూసి, గాలి తగలకుండా ముందు తలుపు వేస్తుంది. సువార్త చేయి నొప్పెడుతుంది. అది ప్రేమ కాదు, క్షమించడం అంతకన్నా కాదు. ఆ రెండూ లేకుండా కూడా నాలుక బరువు మోయవచ్చని ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

ఊపిరి మూడో బల్ల దాకా వస్తుంది. చివరి అమ్మాయి వీపు మీద చెయ్యి వేస్తుంది. అమ్మాయి గుండెల నిండా గాలి పీల్చుకుని తల ఎత్తుతుంది. టార్చి వెలుగు నేరుగా ముఖాన పడి కళ్ళు చికిలిస్తుంది.

"నన్ను చూడు," అంటుంది సువార్త, గట్టిగా అంటే నాలుక కదులుతుందని మెల్లగా. "ఇటు చూడు అమ్మాయ్."

అమ్మాయి మర్యాదగా లేస్తుంది. ఆ వెలుగు మేడమ్ కళ్ళకు తగులుతున్న ఎండ అనుకుని, తరగతి గది కిటికీ దగ్గరికి నడిచి, కర్టెన్ రెండు చేతులతో లాగుతుంది. ఆ లాగుడుకు బయట సువార్త రెండు కనురెప్పలూ కర్టెన్లలా కిందికి దిగి మూసుకుంటాయి, అంచున చిన్న చిన్న రింగులు గలగలలాడతాయి. లోపలి నుంచి ఎవరో బల్ల మీద మళ్ళీ కూర్చున్న చప్పుడవుతుంది. సువార్త చీకట్లో పుల్ల జారకుండా పట్టుకుని నిలబడే ఉంటుంది.