నాలుగో బెల్టు

పికప్ వెనక తలుపు దించి, దానికి ఆనించిన వెడల్పాటి చెక్కను డ్రైవర్ తోడల్లుడు తాడుతో బిగిస్తున్నాడు. మోటార్ సైకిల్ ఎక్కేటప్పుడు చెక్క జారుతుందని ఆయన భయం. డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ పళ్లు నూరుకున్నాడు.

ఇద్దరికీ మాటల్లేక నాలుగేళ్లు. ఒకసారి డ్రైవర్ పికప్‌లోంచి మోటార్ సైకిల్ రోడ్డు మీద పడింది. ఆ వారమే అత్తగారింట్లో, అందరి ముందూ, "అతని బండిలో పిల్లల్ని పంపకండి" అన్నాడు తోడల్లుడు. అన్నది నిజమే కాబట్టి డ్రైవర్‌కి మరీ మింగుడు పడలేదు. అప్పటినుంచి ఏం చెప్పుకున్నా, ఎక్కించే మోటార్ సైకిల్‌కే చెప్పుకుంటారు.

"ఏమ్మా, జడ వేయడం అయిందా? రిబ్బన్లు కూడా కట్టాలా?" అన్నాడు డ్రైవర్.

"నీకు తొందరెందుకు తల్లీ. పడితే విరిగేది నువ్వు. ఆయనకేం కాదు," అన్నాడు తోడల్లుడు.

షోరూమ్ యజమాని వాచీ చూసుకుంటూ వచ్చాడు. ఆలస్యమవుతోందని ఫోన్ చేసి ఆయన చెవిన వేసింది డ్రైవరే.

"పది నిమిషాలు దాటితే రేపటినుంచి రావద్దని పొద్దున్నే చెప్పాను."

తోడల్లుడు తాడు ముడి ఇంకోసారి లాగి చూశాడు. ఇంజన్ ఆపిన మోటార్ సైకిల్‌ని ఎడమపక్క నడుస్తూ పైకి నెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఒక భుజం కిందికి జారిపోయింది. ఇంట్లో కుర్చీ వేసినా రెండుసార్లు కదిపి చూసిగానీ కూర్చోడని ఆయన భార్య నవ్వుతుంది. డ్రైవర్ సీట్లోంచి కదల్లేదు.

ముందు చక్రం పికప్ లోపలి ఎదుటి గోడకు తగిలింది. హ్యాండిల్‌కి రెండువైపులా బెల్టులు వేసి, ముందు స్ప్రింగులు సగం కుంగేదాకా లాగాడు. వెనక ఒకటి కట్టాడు.

"చాలు, దిగు," అన్నాడు యజమాని.

తోడల్లుడు నాలుగోది కూడా కట్టాడు. హ్యాండిల్ పట్టుకుని ఊపితే పికప్ మొత్తం ఊగింది, మోటార్ సైకిల్ మాత్రం ఊగలేదు.

"రేపటినుంచి రాకు."

"సరేనండి."

చెక్క విప్పి, వెనక తలుపు మూసి, చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్లి, గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వెళ్లిపోయాడు.

డ్రైవర్ ఈల వేసుకుంటూ బయల్దేరాడు. రెండో మలుపులో సైకిల్ ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాడు. ముందున్న నీళ్ల సీసా ఎగిరి కాళ్ల దగ్గర పడింది. వెనక చిన్న చప్పుడు కూడా లేదు.

బండి పక్కకి ఆపి, దిగి వెనక్కి వెళ్లాడు. నాలుగో బెల్టు కింద, సీటు ఒరుసుకుపోకుండా మడిచి పెట్టిన తోడల్లుడి చేతిరుమాలు ఇంకా చెమటతో తడిగా ఉంది.