లేవనివ్వని కుర్చీలు

సూర్యకళ కుర్చీలోనే ముడుచుకుపోయింది. ఆమెకు ఐదో నెల. కుర్చీ కింద నెత్తురు. పరుగున వచ్చిన సూపర్‌వైజర్ శశిధర్ అన్న మొదటి మాట, "లాగౌట్ జేసినవా?"

ఆ మాట అందరం విన్నాం. నాచారం పారిశ్రామికవాడలో, మందుల ఫ్యాక్టరీ వెనక భవనంలో, అమెరికా ఆసుపత్రుల బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించే ఆడవాళ్ళం మేము. విన్నాక కూడా సాయంత్రం దాకా పని చేశాం. కోపం రాలేదా అంటే వచ్చింది. మా దగ్గర కోపానికి కూడా పర్మిషన్ కావాలి.

సూర్యకళ బిడ్డ దక్కలేదు. నీళ్ళు తాగక, మూత్రం ఆపుకుని ఆపుకుని ఇన్ఫెక్షన్ ముదిరిందని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పిందట. మా అంతస్తులో బాత్రూం లేదు. కిందికి పోవాలంటే శశిధర్‌ని అడగాలి. కుర్చీ ఖాళీ అయితే మానిటర్ మీద మన పేరు ఎర్రగా వెలుగుతుంది. అందుకే పొద్దున ఇంటి దగ్గరే నీళ్ళు మానేసి వచ్చేవాళ్ళం.

ఇప్పుడు పీర్జాదిగూడ నుంచి వచ్చే పద్మశ్రీకి మూడో నెల. పెళ్ళయిన చాన్నాళ్ళకు నిలిచిన కడుపు. ఆమెకూ మంట, చలిజ్వరం మొదలయ్యాయి. "అక్కా, నాది గూడ పోతదా?" అని దుర్గాభవానిని అడిగింది. జనగామ నుంచి వచ్చి ఉప్పల్లో అద్దెకుండే దుర్గాభవాని నోటికి తాళం లేని మనిషి. ఆమె పద్మశ్రీ నుదురు తాకి చూసి, అందరినీ మెట్ల మీదికి రమ్మంది.

మధ్యాహ్నం మెట్ల మీద మీటింగ్ పెట్టుకున్నాం.

"పోయి మేనేజర్ని అడుగుదాం," అంది దుర్గాభవాని.

"ఏమని అడుగుతవ్? ఒంటికి పోనియ్యమని గంత మంది మగోళ్ళ ముందట జెప్తవా?" అంది ఛాయాదేవి. "నా మొగనికి దెలిస్తే రేపటి సంది పనికే పంపడు."

అప్పుడు తారామణి ఫోన్ పైకెత్తింది. "ఇగో, గిట్ల సూడున్రి. మానిటర్లకెళ్ళి రేడియేషన్ వస్తదంట. కడుపులు గూడ పోతయంట."

రేడియేషన్! ఎంత మర్యాదైన మాట! ఎవరి ముందైనా నోరారా అనొచ్చు. సిగ్గుకు పైట దొరికినట్టయింది మాకు. ఉప్పల్ నర్సరీలో చిన్న బ్రహ్మజెముడు కుండీలు కొనుక్కొచ్చి, కిరణాలు పీల్చుకుంటాయని ఒక్కో మానిటర్ ముందు ఒకటి పెట్టుకున్నాం. మర్నాడు మానిటర్లు మార్చేదాకా పని చెయ్యబోమని భీష్మించుకున్నాం. చెప్పగా చెప్పగా మేమే నమ్మేశాం కూడా.

మేనేజర్ గంగాధరరావు కోప్పడలేదు. అదే మా కొంప ముంచింది. ఎవరో రిటైరైన సైంటిస్టును పిలిపించాడు. ఆ పెద్దాయన ఓపికగా ప్రతి మానిటర్ దగ్గరా మీటరు పెట్టి చూశాడు.

"వీటి వల్ల మీకు ముప్పేమీ లేదమ్మా," అన్నాడు. "ఈ మొక్కలు పీల్చుకోవడానికీ ఏమీ లేదు. అయితే ఇంతసేపు లేవకుండా కూర్చోవడం మాత్రం..."

"మీరొచ్చిన పని అయిపోయింది కదండీ, రండి, టీ తాగుదాం," అన్నాడు గంగాధరరావు.

పెద్దాయన మా వైపు చూశాడు. మేం తలలు దించుకున్నాం. ఆయన టీకి వెళ్ళిపోయాడు.

"విన్నారుగా? ఆ ముళ్ళచెట్లు బయట పారేసి పనిలో కూర్చోండి," అని వెనక్కి తిరిగి చెప్పాడు గంగాధరరావు.

నిజం చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళను ఓడించడానికి యజమానికి లాఠీ అక్కర్లేదు, ఒక మీటరు చాలు. వెళ్ళి కూర్చున్నాం.

కాసేపటికి పద్మశ్రీ లేచింది.

"ఏడికి?" అన్నాడు శశిధర్.

ఆమె మెట్ల వైపు వేలు చూపించింది. దుర్గాభవాని కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఒంటికి పోతున్నది! ఏం జేస్తవ్? సూర్యకళ బిడ్డ రేడియేషన్‌తోని పోలే. మమ్ముల లేవనియ్యక పోయింది. దూపైతున్నా నీళ్ళు తాగుతలేం. ఇగో, అందరి ముందట జెప్తున్న!"

పక్క వరుసల్లో మగపిల్లలు తలలు తిప్పుకున్నారు. ఛాయాదేవి లేచింది. ఆ తర్వాత అందరం లేచాం. మానిటర్ల మీద పేర్లన్నీ ఎర్రబడ్డాయి. పద్మశ్రీని మధ్యన పెట్టుకుని మెట్లు దిగాం. తిరిగి వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉంది.

గేటు బయట కూర్చున్నాం. జ్వరం ఎక్కువైన పద్మశ్రీని, సంగతి తెలిసి ఇంటి నుంచి వచ్చిన సూర్యకళ దవాఖానాకు తీసుకుపోయింది. మర్నాడు పొద్దున కబురొచ్చింది, ఆ కడుపూ నిలవలేదని. మేం లేవడం ఆలస్యమైంది. దుర్గాభవాని రెండు చేతులా గేటు పట్టుకుని ఊపుతూ ఏడ్చింది. గేటు విరగ్గొడుతున్నదని లోపలినుంచి ఫోన్ వెళ్ళింది. పోలీసు జీపు వచ్చింది.

అప్పటికే మా కుర్చీల కోసం కొత్త అమ్మాయిలు వరుసలో నిలబడ్డారు. జీపు ఎక్కిస్తుంటే దుర్గాభవాని వాళ్ళ వైపు తిరిగి అరిచింది. "చెల్లె! లోపల రేడియేషన్ లేదు, మీటర్ పెట్టి సూసిన్రు. ఒంటికి లేవనిస్తరా అని అడుగున్రి! సిగ్గుపడకున్రి!"

అమ్మాయిలు మొహాలు తిప్పుకున్నారు. జీపు వెళ్ళిపోయింది. శశిధర్ గేటు తీసి పిలిచాడు. మొదటి అమ్మాయి గబగబా లోపలికి పోయింది. రెండో అమ్మాయీ పోయింది. మా ప్రాణం ఉసూరుమంది.

చెంగిచెర్ల నుంచి వచ్చిన మూడో అమ్మాయి గేటు దగ్గర ఆగింది. తల వంచుకునే అడిగింది గానీ గొంతు అందరికీ వినబడింది.

"సార్, ఒంటికి పోవాలంటే లేవనిస్తరా?"

శశిధర్ ఆమె మొహం మీదే గేటు వేశాడు. ఆ పిల్ల వచ్చి మా పక్కన కూర్చుంది.