ఏలీయా బండిలో రెంటచింతల

ప్రసన్న కుమార్‌లో ఒక మంచి గుణం ఉంది. తనకి చేతకాని పని గురించి ఎవర్నీ అడిగి ఇబ్బంది పెట్టడు. యూట్యూబ్‌లో సగం వీడియో చూస్తాడు, మిగతా సగం తనలోంచే వస్తుందని నమ్ముతాడు. ఐర్లండ్‌లో తానుండే పోర్ట్‌లీష్ ఊరు మొత్తంలో ఇంత మొహమాటస్తుడు ఇంకొకడు లేడని ఆయనే చెప్పుకునేవాడు.

కరోనా వచ్చిన మొదటి చలికాలం. ఆయన పనిచేసే హోటల్ వంటిల్లు మూతపడింది. పికప్ బండి వీపు మీద చిన్న గదిని ఎక్కించుకున్నట్టుండే క్యాంపర్ ఒకటి ఆ వేసవిలోనే కొన్నాడు. ఎందుకయ్యా అంటే పక్కింటి ఏలీయా కొన్నాడు కాబట్టి. ఇప్పుడేమో ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదన్నారు. రెండు బండ్లూ పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి చూసుకునేవి.

తేడా ఒక్కటే. ఏలీయా బండి లోపల ఎప్పుడూ రెంటచింతల మే నెల. తలుపు తీస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ, వడగాలి, కాలిన నాపరాళ్ళ వాసన. ఏలీయాది ఆ ఊరే గనక ఎవరికీ వింతనిపించలేదు. చర్చి ఆంటీలు మాస్కులు కట్టుకొచ్చి గుమ్మడి వడియాల పళ్ళేలు అందులో పెట్టి పోయేవారు. అటుగా గస్తీకొచ్చిన గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆ గుమ్మంలో చేతులు కాచుకుని, బావుందన్నట్టు "గ్రాండ్" అనేసి వెళ్ళేవారు.

ప్రసన్న కుమార్‌ది నరసాపురం. తన బండిలో కనీసం నరసాపురమైనా వస్తుందని చాన్నాళ్ళు చూశాడు. రాలేదు. దోమ కూడా రాలేదు.

ఆయన భార్య మార్తా నర్సు. క్రిస్మస్ కాగానే ఆమెకి కోవిడ్ వార్డులో రాత్రి డ్యూటీలు పడ్డాయి. కూతురు ఫెబికి ఉబ్బసం. అందుకని ఇంట్లోకి రాకుండా పగలు క్యాంపర్లోనే పడుకుంటానంది మార్తా.

"మా బండిలో పడుకో సిస్టర్," అన్నాడు ఏలీయా తన గుమ్మంలోంచి. "దుప్పటి గూడా అక్కర్లా."

మార్తా ముఖం విప్పారడం ప్రసన్న కుమార్ చూశాడు. పెళ్ళయ్యాక ఆ ముఖం తన వల్ల అలా ఎప్పుడు విప్పారిందా అని లెక్క తీయబోయి, మధ్యలో మానేశాడు.

"మనకెందుకే ఊళ్ళోవాళ్ళ ఎండ?" అన్నాడు. "నేను లేనూ?"

పనిలోకి దిగాడు. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా ట్యాంకు ఖాళీ చేశాడు. కుళాయికి మఫ్లర్ చుట్టాడు. కిటికీలకి వెండిరేకు అట్టలు, పరుపు కింద థర్మోకోల్. చిన్న గ్యాస్ హీటర్ పెట్టాడు. చివరికి ఆ బండి చేసినవాడు బద్ధకంతో వదిలేసినట్టున్న రెండు జాలీ కన్నాలు కంటపడ్డాయి. చలంతా వీటిలోంచే కదా. వాటిలో దూది కుక్కి, పైన టేపు వేశాడు.

"అవి ఎందుకో పెట్టుంటారండీ," అంది మార్తా.

"చలికాలం చెవుల్లో దూది పెట్టుకోమా? మా అమ్మ పెట్టబట్టే కదా ఇంతవాణ్ణయ్యాను."

"ఆ సంగతి తెలుస్తూనే ఉంది."

ఏలీయా వైపున్న కన్నానికి మాత్రం మూడు పొరలు వేశాడు. అటునుంచి వేడి దూరిందంటే తన హీటర్‌కి పేరేముంటుంది?

మర్నాడు ఉదయం మార్తా డ్యూటీ నుంచి వచ్చి, కిటికీలోంచి ఫెబికి చెయ్యూపి, క్యాంపర్లోకెళ్ళి తలుపేసుకుంది. గడ్డి మీద మంచు పేరుకుపోయి ఉంది. ప్రసన్న కుమార్ కాఫీ కప్పుతో వంటింట్లో నిలబడి, తన బండి కిటికీలకి పట్టిన ఆవిరి చూసి మురిసిపోయాడు. అంత ఆవిరి ఏలీయా బండికి ఏనాడూ పట్టలేదు.

కాసేపటికి ఏలీయా బయటికొచ్చి, వడియాలు తిరగేద్దామని తన బండి తలుపులు బార్లా తీశాడు.

"డాడ్," అంది కిటికీ దగ్గర ఫెబి, "యువర్ టేప్ ఈజ్ మెల్టింగ్."

వడగాలి తగిలి టేపు జిగురు కరిగి, మూడు పొరలూ అప్పడంలా చుట్టుకుపోతున్నాయి. దూది ఉండ ఊడి మంచులో పడింది. ప్రసన్న కుమార్ చెప్పుల్లేకుండా బయటికి ఉరికాడు.

"ఏలీయా అన్నా, మీ ఎండ మీ బండిలో ఉంచుకోండి."

"ఏంది తమ్ముడూ, వడియాలకి గాలి తగలొద్దా?"

"నా రెండ్రోజుల కష్టమండి అది. మీకు ఊరికే వచ్చింది గనక విలువ తెలీదు."

"ఎండకి నేను కబురు పెట్టానా? నువ్వూ ఓ పళ్ళెం వడియాలు పెట్టుకోరాదు?"

అంతలోనే ప్రసన్న కుమార్ క్యాంపర్ తలుపు తెరుచుకుంది. మార్తా రెండు చేతులా తల పట్టుకుని మెట్టు మీద కూలబడి, వాంతి చేసుకుంది.

"ఇందాక మెలకువొచ్చిందండి," అంది. "కాళ్ళు లేవలేదు. నోరు రాలేదు. ఇక్కడితో సరి అనుకున్నాను. ఇంతలో తలాపున వేడిగాలి కొట్టింది. ఆ గాలికి కాస్త ఊపిరొచ్చి, పాకి వచ్చాను."

ఆమె మంచులో ఉన్న దూది వంక చూసింది. లోపల వెలుగుతున్న హీటర్ వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. నర్సు గనక విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఏలీయా లోపలికెళ్ళి హీటర్ ఆపి, కారు తాళాలు తెచ్చాడు.

హాస్పిటల్లో రోజంతా ఆక్సిజన్ పెట్టారు. హీటర్ వదిలిన విషపు గాలి బయటికి పోయే దారి లేక గదిలోనే నిండిందని, కన్నం తెరుచుకోకపోతే నిద్రలోనే పోయేదని డాక్టరు చెప్పాడు. ఎవరు మూశారని ఆయన అడగలేదు. మార్తా కూడా చెప్పలేదు. ప్రసన్న కుమార్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక హీటర్ తీసి పారేశాడు. రెండో కన్నమూ తెరిచాడు. తన బండిని వెనక్కి నడిపి ఏలీయా బండికి ఆనించి పెట్టాడు. ఆ చలికాలమంతా మార్తా రెంటచింతల గాలికి హాయిగా నిద్రపోయింది.

ఒకరోజు పెసర పునుగులు వేసి, గిన్నెతో ఏలీయా గుమ్మం ముందు నిలబడ్డాడు ప్రసన్న కుమార్. చెప్పాల్సిన మాట దారంతా అనుకుంటూనే వచ్చాడు. తలుపు తెరుచుకుంది. ఎండ మొహాన పడింది.

"మా నరసాపురం ఎండయితే ఇంత పొడిగా ఉండదండి," అన్నాడు.

"అవునా తమ్ముడూ," అంటూ ఏలీయా గిన్నె అందుకున్నాడు.

ప్రసన్న కుమార్ ఇప్పుడు ఏ బండికైనా గాలి కన్నాలు ఎక్కడుంటాయో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఏలీయాకి థాంక్స్ చెప్పడం మాత్రం ఇంకా రాలేదు.